1/2 + 1/3 = 2/5 అని రాసినవాడికి ఎన్ని మార్కులు?

1/2 + 1/3 ఎంత అని అడిగితే 2/5 అని రాసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. ఆరో తరగతిలో ఉంటారు సరే, పదిలో కూడా ఉంటారు, ఇంటర్‌కి పోయినా ఉంటారని జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే నా ఫ్రెండ్ అంటూ ఉంటుంది. పైవి పైన కూడేసి, కిందివి కింద కూడేసి, మధ్యలో ఒక గీత. మేం ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, పక్కన 'క.సా.గు. ఏది?' అని రాసి తర్వాతి పేపర్ తీస్తాం. మళ్లీ పరీక్షలో వాడు మళ్లీ 2/5 రాస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు వీళ్లకి అని స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ అనుకుంటాం.

ఇప్పుడు అదే ఆన్సర్ షీట్‌కి మొదటి పేజీ తిప్పి చూడండి. కుడివైపు మూల మేం వేసిన మార్కులుంటాయి. సెక్షన్ ఎ 8/10, సెక్షన్ బి 14/20, దాని కింద గీత కొట్టి మొత్తం 22/30. పైవి పైన, కిందివి కింద! లెక్కల టీచర్లమే కాదు, తెలుగు సారూ సోషల్ మేడమూ కూడా ఏడాది పొడుగునా వాళ్ల కళ్ల ముందు ఇలాగే కూడుతుంటారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె సరిగ్గా ఇదే పట్టుకుంది. పేపర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ఒక వేలు మార్కుల మీద, ఇంకో వేలు నేను ఇంటూ కొట్టిన లెక్క మీద ఉంచి, "మీరు గిట్లనే కూడిండ్రు కద మేడం" అంది. పొగరుగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పకుండా భిన్నాల పాఠం ముందుకు నడపడంలో అర్థం లేదు. మార్కుల్లో 8/10 అంటే పది ఉన్నచోట ఎనిమిది వచ్చాయని. రెండో సెక్షన్ కలిపినప్పుడు 'మొత్తం' అనేదే మారిపోయింది, పది కాస్తా ముప్పై అయింది. పాఠంలో 1/2, 1/3 అన్నప్పుడు మాత్రం రెండూ ఒకే రొట్టెలో ముక్కలు, రొట్టె మారదు. కాగితం మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, పైన అంకె, కింద అంకె, మధ్యలో గీత. తేడా ఎక్కడుందో మేం చెప్పకపోతే వాళ్లకి ఎలా తెలుస్తుంది?

అందుకే ఈ మధ్య భిన్నాల కూడిక మొదలుపెట్టేటప్పుడు రొట్టె కంటే ముందు స్టంపుల దగ్గరికి వెళ్తాను. నిన్న రెండు బంతులు వేసి ఒకసారి వికెట్‌కి కొట్టావు, ఇవాళ మూడు బంతులు వేసి ఒకసారి కొట్టావు, మొత్తం మీద? అయిదులో రెండు, అని వెనక బెంచీ వాళ్లే ముందు అరుస్తారు. కరెక్టే, 2/5. ఆ ప్రశ్నకి అదే జవాబు. ఇప్పుడు రొట్టెలో సగం తిన్నావు, ఇంకో మూడో వంతు కూడా తిన్నావు, అప్పుడూ 2/5 అంటావా? 2/5 అంటే సగానికి తక్కువ కదరా, సగం తిన్నాక ఇంకొంచెం తింటే మొత్తం తిన్నది సగం కంటే ఎలా తగ్గింది? అప్పుడు క్లాసులో చిన్న గోల మొదలవుతుంది. ఆ గోల నాకిష్టం. క.సా.గు. అనే మాట అసలు ఎందుకు పుట్టిందో వినడానికి ఆ అయిదు నిమిషాలే సిద్ధంగా ఉంటారు, తర్వాత ఎవరి గొడవలో వాళ్లు పడతారు.

పైగా ఈ 'తప్పు' కూడికకి లెక్కల్లో మంచి పేరే ఉంది. హారం అయిదు దాటని భిన్నాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి చూడండి: 1/5, 1/4, 1/3, 2/5, 1/2... ఇందులో ఏ భిన్నాన్ని తీసుకున్నా, దానికి అటూ ఇటూ ఉన్న రెండింటినీ మా పిల్లల పద్ధతిలో పైవి పైన, కిందివి కింద కూడితే అదే వస్తుంది. 1/3కీ 1/2కీ మధ్యలో కూర్చున్నది మన 2/5నే. 1/5, 1/3 కూడితే 2/8, అంటే 1/4. 1816లో జాన్ ఫేరీ అనే ఇంగ్లండ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ సంగతి గమనించి ఒక పత్రికకి ఉత్తరం రాశాడు, ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు కోషీ దాన్ని చూసి రుజువు చేశాడు. నిజానికి 1802లోనే హారోస్ అనే ఫ్రెంచాయన ఈ పని చేసి పెట్టాడు, పేరు మాత్రం ఫేరీకి పోయింది. (పని ఒకరిది, పేరు ఒకరిది అయ్యే వ్యవహారం మా స్కూల్లో సైన్స్ ఫెయిర్ అప్పుడు కూడా జరుగుతుంది, ఆ సంగతి ఇంకోసారి.)

తొమ్మిదో తరగతి వాళ్లకయితే ఇంకొక అడుగు ముందుకి. మొదటి రోజు రాజు అయిదు బంతుల్లో ఒకటి కొట్టాడు, గిరి ఎనిమిదిలో రెండు కొట్టాడు. గిరిదే పైచేయి. రెండో రోజు రాజు ఎనిమిదిలో ఆరు, గిరి అయిదులో నాలుగు. మళ్లీ గిరే. మరి రెండు రోజులూ కలిపితే? రాజు పదమూడులో ఏడు, గిరి పదమూడులో ఆరు. రెండు రోజులూ గెలిచినవాడు మొత్తం మీద ఓడిపోయాడు! దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. ఎవడో అబద్ధం ఆడుతున్నాడని పిల్లలు మళ్లీ మళ్లీ లెక్కేస్తారు. పేపర్లో పాస్ శాతాలు చూసి ఈ స్కూల్ గొప్పా ఆ స్కూల్ గొప్పా అని వాదించుకునే పెద్దవాళ్లకి కూడా ఈ లెక్క ఒకసారి చూపించాలనిపిస్తుంది.

దశాంశాల దగ్గర ఇంకో తమాషా. 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే సగం క్లాసు 0.35 అంటుంది, ముప్పై అయిదు అయిదు కంటే పెద్దది కనక. ఇది అన్ని దేశాల పిల్లలూ చేసే తప్పే. మా ఊళ్లో మాత్రం దీనికి ఇంకో కారణం కూడా కలిసింది. ఒక అబ్బాయి 1.20 + 0.30 = 2.10 అని రాశాడు. చూడగానే పిచ్చి జవాబు అనిపిస్తుంది. కూడిక రానివాడేం కాదు, మిగతావన్నీ కరెక్టుగానే చేశాడు. పిలిచి ఎలా చేశావురా అంటే, "ఇరవై, ముప్పై కలిస్తే యాభై గుంటలు కద మేడం, నలభైకి ఒక ఎకరం పోతది, పది గుంటలు మిగులుతయి. మా బాపు గట్లనే చేస్తడు" అన్నాడు.

ఇక్కడ భూమి ఎకరాలూ గుంటలూ. ఎకరానికి నలభై గుంటలు. పాసు పుస్తకంలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. వాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో చూస్తున్న చుక్క అది. సాయంత్రం గ్రౌండ్‌లో చూసే చుక్క ఇంకొకటి, 4.3 ఓవర్లు అంటే నాలుగున్నర ఓవర్లు, 4.5 తర్వాత ఒక్క బంతి పడితే 5. బస్సు 3.30కి అంటే మూడున్నర. ఒకచోట నలభైకి మారుతుంది, ఒకచోట ఆరుకి, ఒకచోట అరవైకి. ఇన్ని చుక్కల మధ్యకి నేను వచ్చి, ఈ చుక్క మాత్రం పదికి మారుతుంది అంటున్నాను. వాడి జవాబు తప్పే, కానీ వాడు చేసింది నలభై ఆధారంగా నిక్కచ్చిగా చేసిన కూడిక, అలా చేయడం నా క్లాసులో చాలామందికి రాదు. కృష్ణ దాటి ఆంధ్ర వైపు పోతే ఎకరానికి వంద సెంట్లు, అక్కడ 1.50 అంటే నిజంగానే ఎకరంన్నర, పుస్తకంలో చుక్కా పొలం చుక్కా ఒకటే. అక్కడి టీచర్లకి ఈ ఒక్క తలనొప్పి తక్కువ.

ఇంకొన్ని తప్పులున్నాయి, అవి అచ్చంగా మా టీచర్లు నేర్పినవే. -3 - 5 = 8 అని రాస్తారు. ఎందుకంటే 'మైనస్ మైనస్ ప్లస్' అని మేమే క్లాసంతా వల్లె వేయించాం. ఆ మాట గుణకారానికని వాళ్లకి గుర్తుండదు, పాట మాత్రం గుర్తుంటుంది. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన సూత్రాల్లో కూడికకి వేరే మాట, గుణకారానికి వేరే మాట విడివిడిగా ఉన్నాయి. రెండు ఋణాల మొత్తం ఋణం, రెండు ఋణాల లబ్ధం ధనం. కిరాణా కొట్లో మూడు వందల బాకీ, మందుల షాపులో అయిదు వందల బాకీ, రెండూ కలిస్తే ఎనిమిది వందల ఆస్తి ఎలా అవుతుందని అడిగితే పిల్లలు పకపకా నవ్వుతారు. ఆ నవ్విన పిల్లలే మరుసటి రోజు టెస్టులో మళ్లీ 8 రాస్తారు, అది వేరే విషయం. అలాగే 'అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది' అనే మాట. 3x = 12 అయితే x = 12 - 3 = 9. మూడు అటు నుంచి ఇటు వచ్చింది, గుర్తు మారింది. ఇంకేం కావాలి? రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం అని నిదానంగా చెప్తే వారం పడుతుంది, ఈ పాట చెప్తే పది నిమిషాల్లో అయిపోతుంది. సిలబస్ టెన్షన్‌లో ఎవరైనా పాటే ఎంచుకుంటారు. చెప్పిన మాట బుద్ధిగా విన్నందుకు పిల్లలకి మార్కులు పోతాయి.

సున్నాతో భాగహారం సంగతయితే నాకు అన్నిటికంటే ఇష్టం. 5 ÷ 0 ఎంత అంటే కొందరు 0 అంటారు, ఎక్కువమంది 5 అంటారు. 5 ఎందుకు అంటే ఒక పిల్ల చెప్పిన కారణం: "పంచుకోనికి ఎవ్వరు లేరు కద మేడం, అయిదు చాక్లెట్లు నా దగ్గర్నే ఉంటయి." ఇది చిన్నపిల్ల అమాయకత్వం అని కొట్టిపారేసేవాళ్లకి ఒక మాట. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు కూడా సున్నాతో భాగిస్తే సంఖ్య మారదనే రాశాడు. మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ మహావీరుడి గణితాన్నే, అంత పెద్ద పండితుడాయన. భిన్నాల కూడికకి క.సా.గు. వాడే పద్ధతి చెప్పిందీ ఆయనే. ఆయన కంటే రెండు వందల ఏళ్ల ముందు బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 1150 నాటికి భాస్కరాచార్యుడు వచ్చి, ఒక సంఖ్యని సున్నాతో భాగిస్తే వచ్చేది ఎంత కలిపినా, ఎంత తీసినా మారని అనంత రాశి అన్నాడు. ఇంతమంది మహానుభావులు తలోమాట చెప్పిన ప్రశ్నకి మేం ఆరో తరగతిలో 'నిర్వచించబడలేదు' అని ఒక్క మాట రాయించి ముగించేస్తాం.

ఆ పిల్లకి నేను అడిగింది ఒక్కటే. 12 ÷ 3 = 4 సరైనదో కాదో ఎలా చూస్తావు? మూడు నాలుగులు పన్నెండు అని. మరి 5 ÷ 0 = 5 అయితే సున్నా అయిదులు ఎంత కావాలి? కాసేపు ఆలోచించి, అయిదు కావాలి గానీ సున్నానే వస్తుంది అంది. మరి ఆ చాక్లెట్లు? అవి నిజంగానే దాని దగ్గరే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి! పక్కనున్న అమ్మాయి ఠక్కున చెప్పింది, అది శేషం మేడం, మిగిలిపోయినవి అని. పంచడమే జరగలేదు, అయిదూ మిగిలాయి. నేను చెప్పాలనుకున్నదాని కంటే బాగా చెప్పింది.

డిసెంబర్ 22 వస్తే ప్రతి స్కూల్లోనూ రామానుజన్ ఫొటోకి దండేసి 1729 కథ చెప్తారు. 2012 నుంచి ఆ రోజు జాతీయ గణిత దినోత్సవం కదా. ఆ ట్యాక్సీ నంబర్ కథ ఇప్పటికి పిల్లలకి కంఠతా వచ్చేసింది, ఉపన్యాసం ఇచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ ఆసక్తి లేదు. 1913లో ఆయన మద్రాసు నుంచి కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల గురించి చెప్పిన కొన్ని సంగతులు తప్పులని మాత్రం ఏ సభలోనూ ఎవరూ చెప్పరు. ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో దాదాపు కచ్చితంగా చెప్పే సూత్రం దొరికిందనుకున్నాడాయన, అది అంత కచ్చితం కాదు. ఎందుకు తప్పిందో హార్డీ తర్వాత చాలా వివరంగా, ఇష్టంగా రాశాడు. మా పిల్లలకి 1729 కంటే ఈ కథే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. దండ వేసే రోజున తప్పుల గురించి మాట్లాడితే బాగుండదని మా హెడ్ మాస్టర్ గారి అభిప్రాయం.

అన్ని తప్పుల వెనకా ఇంత ఆలోచన ఉంటుందని అనను. కాపీ కొట్టిన తప్పులు చూస్తే నవ్వాగదు. మొదటి బెంచీలో a = 6 అని ఉంటుంది, రెండో బెంచీకి వచ్చేసరికి అది a = b అవుతుంది, మూడో బెంచీవాడు కొంచెం తెలివైనవాడు, రెండూ సమానమేగా అని కొట్టేసి సున్నా తెస్తాడు. వీటికి ఇంటూనే, వేరే దారి లేదు. కానీ చదువుకుని, సొంతంగా చేసి, ఒకే రకంగా మళ్లీ మళ్లీ తప్పు చేసే పిల్లలున్నారు చూడండి, వాళ్ల సంగతి వేరు. 402 - 178 = 376 అని రాసిన పిల్ల తీసివేత రానిది కాదు, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెని తీసేస్తోంది, అంతే. 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు అమెరికా వాళ్లు ఇలాంటి తీసివేత తప్పులన్నీ పోగేసి, పిల్లవాడి పద్ధతి ఏమిటో టీచర్లు ఊహించి పట్టుకునేలా కంప్యూటర్ ప్రోగ్రామే రాశారు. ఆ తప్పులో పద్ధతి ఉంది కనకనే ప్రోగ్రామ్ రాయడం కుదిరింది.

ఇందులో నేను చేసేది పెద్ద పనేం కాదు. పేపర్లు దిద్దేటప్పుడు ఒకే తప్పు నాలుగైదు పేపర్లలో కనిపిస్తే దాన్ని పేరు లేకుండా బోర్డు మీద రాసి, 'ఇలా రాసినవాళ్లు ఏమనుకుని రాసి ఉంటారు?' అని అడుగుతాను. సరైన జవాబు అడిగితే చేతులెత్తేది ముందు బెంచీలే, ఇదడిగితే వెనక నుంచి లేస్తాయి, అనుభవం ఉన్నవాళ్లు కదా! ఒక పీరియడ్ పోతుంది, సిలబస్ వెనకబడుతుంది, నెలాఖరు మీటింగ్‌లో అక్షింతలు పడతాయి. ఫౌండేషన్ కోచింగుల్లో అయితే ఈ బాధే లేదు, అక్కడ అంతా ఓఎమ్ఆర్. ఎప్‌సెట్‌లో నూట అరవై బిట్లు, నెగెటివ్ మార్కుల్లేవు, తెలియకపోయినా కంప్యూటర్ మీద ఏదో ఒక ఆప్షన్ నొక్కి రావడమే. పేపర్ సెట్ చేసేవాడికి మాత్రం పిల్లలెక్కడ తప్పు చేస్తారో బాగా తెలుసు, 2/5ని బుద్ధిగా రెండో ఆప్షన్‌గా పెడతాడు. పిల్లవాడు ఆ ఆప్షన్ ఎంచుకున్నాడని మిషన్‌కి తెలుస్తుంది, ఎందుకు ఎంచుకున్నాడో మనకి ఎప్పటికీ తెలియదు.

మొన్న ఎనిమిదో తరగతి స్లిప్ టెస్టులో 16/64ని సూక్ష్మరూపంలో రాయమని ఇచ్చాను. ఒకడు పైన 6, కింద 6 కొట్టేసి 1/4 అని రాశాడు. జవాబు కరెక్ట్! దారి మాత్రం ఘోరం. ఇలా అదృష్టం కలిసొచ్చే రెండంకెల భిన్నాలు (11/11, 20/30 లాంటి చప్పటివి వదిలేస్తే) మొత్తం నాలుగే: 16/64, 19/95, 26/65, 49/98. వాడి అదృష్టం, నేనిచ్చింది వాటిలో ఒకటి. బోర్డు మీద 13/36 రాసి ఇదీ కొట్టెయ్ అన్నాను. 3 కొట్టేసి 1/6 అన్నాడు. ఆరు పదమూళ్లు ఎంత? డెబ్బై ఎనిమిది. తల గోక్కున్నాడు. సరే, మరి 16/64కి ఎందుకు కుదిరిందో చూసుకురా అని పంపాను, వస్తాడని పెద్ద నమ్మకమేం లేదు.

మర్నాడు ప్రేయర్ కాకముందే వచ్చాడు. 166/664 కూడా 1/4 అట, 1666/6664 కూడా అట, ఎన్ని ఆర్లు పెట్టినా అంతేనట. ఎందుకురా అంటే నా చేతిలో చాక్‌పీస్ తీసుకుని 1666 కింద 4 వేసి గుణించాడు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, నాలుగు వేసి రెండు చేతిలో. మళ్లీ ఆరు నాలుగులు ఇరవై నాలుగు, చేతిలో రెండు, ఇరవై ఆరు, ఆరు వేసి మళ్లీ రెండు చేతిలో. "ఎప్పుడూ రెండే ఉంటది మేడం చేతిల, అందుకే ఎప్పుడూ ఆరే పడతది. ఆఖర్ల ఒకటి నాలుగు, రెండు కలిస్తే అది గూడ ఆరే."

స్లిప్ టెస్టులో ఆ లెక్కకి రెండు మార్కులు. ఒకటి వేశాను. ఎందుకు తగ్గించానో వాడు అడగలేదు, పేపర్ మడిచి జేబులో పెట్టుకుని, 19/95లో తొమ్మిదులు పెంచితే ఏమవుతుందో చూస్తానని పోయాడు.